ఆర్‌ఎక్స్ 100కి 135 బ్లాక్ వేశాక పై స్పీడులో పికప్ చచ్చిపోతోంది, కార్బురేటర్‌లో మెయిన్ జెట్ (పెట్రోల్ వెళ్లే రంధ్రం) ఎంత పెట్టాలి?

బండి యమహా ఆర్‌ఎక్స్ 100, 1994 మోడల్. పాత బోరు అరిగిపోతే రీబోర్ బదులు ఆర్‌ఎక్స్ 135 బ్లాక్ (సిలిండర్), పిస్టన్, హెడ్ వేయించాను. రెండింటికీ స్ట్రోక్ 50 మి.మీ.నే, బోరే 50 నుంచి 58కి పెరుగుతుంది కాబట్టి క్రాంక్ మార్చలేదు, బ్లాక్ కూర్చునే క్రాంక్ కేసు మూతి మాత్రం లేత్‌లో పెద్దది చేయించాం. కార్బురేటర్, ఎయిర్ ఫిల్టర్ డబ్బా, సైలెన్సర్ అన్నీ 100వే. లీటరుకు 30 మి.లీ. టూటీ (టూ-స్ట్రోక్) ఆయిల్ కలుపుతున్నాను.

స్టార్టింగ్, స్లో బాగున్నాయి. ఇంజిన్ వేడెక్కాక, మూడో గేర్‌లో 50 దాటి యాక్సిలరేటర్ ముప్పావు తిప్పితే మాత్రం పెట్రోల్ అయిపోయినట్టు బ్వా... అని మూలిగి ఆగిపోతుంది. అప్పుడే చోక్ సగం లాగితే మళ్లీ అందుకుంటుంది! ప్లగ్ తీసి చూస్తే కొన తెల్లగా సున్నం రాసినట్టు ఉంది, అంటే పెట్రోల్ చాలట్లేదన్నమాట.

పెట్రోల్ ట్యాప్, ఫ్లోట్ శుభ్రం చేశాను. రీడ్ వాల్వ్ (ఇంజిన్‌లోకి వెళ్లిన గాలి-పెట్రోల్ వెనక్కి రాకుండా ఆపేది) రేకులు సరిగ్గానే మూసుకుంటున్నాయి. ఇన్‌టేక్ రబ్బరు కొత్తది, దాని చుట్టూ, బ్లాక్ కింద గాస్కెట్ దగ్గర కార్బ్ క్లీనర్ కొట్టినా ఆర్‌పీఎం మారలేదు, కాబట్టి గాలి లీకు ఉన్నట్టు లేదు. మెయిన్ జెట్ 110 తీసి 120 వేస్తే కాస్త తగ్గింది గానీ పోలేదు. మెకానిక్ ఏమో పెద్ద కార్బురేటర్ కొనమంటున్నాడు, నాకైతే అంత అవసరం అనిపించట్లేదు. ఇలాగే నడిపితే పిస్టన్ పట్టేస్తుందేమోనని టెన్షన్, అందుకే బండి పక్కన పెట్టాను.

ఇదే మార్పు చేసి 100 కార్బురేటర్, 100 ఫిల్టర్ డబ్బాతోనే నడుపుతున్నవాళ్లు మెయిన్ జెట్ ఏ నంబరు, నీడిల్ (మధ్య యాక్సిలరేటర్‌లో పెట్రోల్‌ను నియంత్రించే సూది) క్లిప్ ఏ గాడిలో పెట్టారు?