అప్‌డేట్: సిద్ధాంత గ్రంథ మార్గదర్శకాల పత్రం

హనుమకొండలోని మా విభాగం తయారుచేసిన పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథ మార్గదర్శకాల వర్డ్ ఫైలును విద్యార్థులు ఫోన్లలో తెరిస్తే అక్షరాలు గజిబిజిగా కనిపిస్తున్నాయని, ఏ నియమం ఎక్కడుందో వెతికినా దొరకడం లేదని ఇంతకుముందు అడిగాను. మీరు సూచించినట్లు, ‘అను’ అనే పాత తరహా తెలుగు ఫాంట్లలో ఉన్న పాఠాన్ని, ఫోన్లలోనూ సరిగా కనిపించే యూనికోడ్‌లోకి మార్చి, శీర్షికలన్నింటికీ హెడింగ్ స్టైల్స్ (ఇది శీర్షిక అని వర్డ్‌కు తెలిపే అమరికలు) వర్తింపజేయడంతో, పేజీ సంఖ్యలతో సహా విషయసూచికను వర్డే తయారుచేసింది. ఇప్పుడు ‘మార్జిన్’ అని వెతికితే నేరుగా ఆ నియమమే వస్తోంది. అయితే మార్పిడిలో వత్తులు అక్కడక్కడా చెదిరినందున ప్రతి పేజీనీ పాత ప్రతితో సరిచూడవలసి వచ్చింది. ఈ పనిని ఎవరూ దాటవేయవద్దని నా మనవి. అలాగే, స్పష్టత కోసం ‘బైండింగ్‌కు తగినంత స్థలం వదలాలి’ అన్న వాక్యాన్ని ‘ఎడమవైపు 1.5 అంగుళాలు వదలాలి’ అని మార్చాం. పాదసూచికల విభాగం మాత్రం ఇంకా పూర్తి కాలేదు.