ఏఎంటీ కారులో గేరుబాక్సు లైటు: యాక్చుయేటర్ మార్చాల్సిందేనా?

రాజోలు_ఏఎంటీ:
ఏఎంటీ (క్లచ్ పెడల్ లేకుండా గేర్లు తనే మార్చుకునే) పెట్రోలు కారండి, 62 వేల కిలోమీటర్లు తిరిగింది. బ్యాటరీకి నాలుగేళ్లు. వారం నుంచి ముసురు పట్టింది. పొద్దున్నే స్టార్ట్ చేస్తే గేరుబాక్సు లైటు వెలుగుతోంది, గేరు చూపించే చోట ఎన్ (న్యూట్రల్) అక్షరం మిణుకుమిణుకుమంటోంది, డీ (డ్రైవ్)లోకి వేస్తే గేరు పడట్లేదు. ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే ఒక్కోసారి పడుతుంది. ఎండ కాసిన రోజు ఏ గొడవా లేదు. స్కానర్ పెడితే పి0700, పి0562, పి0504 అనే ఫాల్టు కోడులు వచ్చాయి. షెడ్డులో యాక్చుయేటర్ (క్లచ్ నొక్కి గేర్లు మార్చే యూనిట్) మొత్తం మార్చాలంటున్నారు. ఈలోగా మల్టీమీటరుతో ఇంటి దగ్గర ఏమేం చూసుకోవచ్చు? రోజూ చించినాడ వంతెన మీదుగా పాలకొల్లు వెళ్లి రావాలి.

గట్టురోడ్డు:
యాక్చుయేటర్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. ఆ మూడు కోడుల్లో ఒక్కటీ దానిది కాదు. గేరుబాక్సు కంప్యూటర్లో ఏదో ఫాల్టు నమోదైందని ఇంజను కంప్యూటర్ పంపే కబురే పి0700, అంతకుమించి అందులో ఏమీ లేదు. పి0562 అంటే వోల్టేజీ తక్కువ. పి0504 అంటే బ్రేకు స్విచ్చిలోని రెండు సర్క్యూట్లకు పొంతన కుదరడం లేదని. క్లచ్ సెన్సరుకి పి0805, గేరు పొజిషన్‌కి పి0914 లాంటివి పడితే అప్పుడు ఆ వైపు వెతకాలి.

ముందు బ్యాటరీ. హైడ్రాలిక్ రకం ఏఎంటీలో క్లచ్ నొక్కడానికీ గేరు మార్చడానికీ కావలసిన ప్రెషరు ఒక చిన్న కరెంటు పంపు తయారుచేస్తుంది. డ్రైవరు తలుపు తీయగానే బానెట్ కింద జుయ్‌మని వినపడేది అదే. వోల్టేజీ చాలకపోతే ఆ పంపు ఈడ్చుకుంటుంది, కంప్యూటర్ కూడా తికమకపడుతుంది. రాత్రంతా ఆగిన బండికి స్టార్ట్ చేయకముందు కొలవండి: 12.6 నిండు, 12.4 ఫర్వాలేదు, 12.2 అంటే సగమే. ఒకరు తాళం తిప్పుతుంటే మీరు మీటరు చూడండి. 9.6 కంటే కిందకి జారితే చార్జింగు పెట్టి మరోసారి చూడండి, అప్పుడూ జారితే బ్యాటరీ మార్చాల్సిందే. ఇంజను నడుస్తుండగా హెడ్‌లైట్లు వేసి కొలిస్తే 13.8 నుంచి 14.5 రావాలి.

తర్వాత ఎర్తు. దీన్ని చాలామంది వదిలేస్తారు. మీటరు తీగ ఒకటి బ్యాటరీ నెగటివ్ మీద, రెండోది గేరుబాక్సు ఒంటి మీద గీకిన చోట పెట్టి తాళం తిప్పించండి. 0.2 వోల్టు దాటకూడదు. దాటితే ఎర్తు బోల్టు విప్పండి. మన వైపు ఉప్పుగాలికి రాగి లగ్గు మీద పచ్చగా చిలుం, దాని కింద బాడీ మీద తుప్పు కనిపిస్తాయి. తళతళలాడేదాకా రుద్ది, బిగించి, పైన గ్రీజు పూయండి.

పాలకొల్లు_వైరింగు:
పై మాటలన్నీ సరే గానీ, ఎన్ మిణుకుమనడానికి నా అనుమానం బ్రేకు స్విచ్చి మీదే. పెడల్ నొక్కినట్టు సిగ్నల్ అందకపోతే ఏఎంటీ ఎన్ నుంచి డీలోకి వెళ్లదు. పెడల్ పైభాగాన నాలుగు తీగల స్విచ్చి ఉంటుంది. కాలు వేస్తే ఒక సర్క్యూట్ కలుస్తుంది, రెండోది విడిపోతుంది. కనెక్టర్ పీకి, మీటరు బీప్ మీద పెట్టి, పెడల్ని మెల్లగా ఇరవైసార్లు నొక్కి వదలండి. ఒక్కసారి బీప్ తప్పినా స్విచ్చి మార్చేయండి. యాక్చుయేటర్ ధరతో పోలిస్తే దాని ధర లెక్కలోకే రాదు.

అదీ బాగుంటే గేరుబాక్సు మీది కనెక్టర్లు. తాళం తీసి పది నిమిషాలాగి, బ్యాటరీ నెగటివ్ విప్పాకే వాటిని ముట్టుకోవాలి. లోపల చెమ్మ ఉంటే కాంటాక్ట్ క్లీనర్ కొట్టి పూర్తిగా ఆరనివ్వండి. ఉప్పుకాగితంతో రుద్దితే పిన్ను మీద పూత లేచిపోయి నెల తిరక్కుండా మళ్లీ చిలుం పడుతుంది. రబ్బరు సీలు చిట్లిందేమో కూడా చూడండి. కోతలప్పుడు చేలల్లోంచి వచ్చే ఎలుకలు వైర్లు కొరుకుతాయి. కొరికిన చోట ఉత్త టేపు చుడితే వానకి నీరు పీలుస్తుంది. అతికి, లోపల జిగురుండి వేడికి ముడుచుకునే స్లీవు తొడగాలి.

రాజోలు_ఏఎంటీ:
కొలిచానండి. ఆగి ఉండగా 12.1, తాళం తిప్పితే 8.9. రాత్రంతా చార్జింగు పెట్టినా 9 దాటలేదు. ఎర్తు 0.6. బ్రేకు స్విచ్చి ఇరవైలో మూడుసార్లు బీప్ తప్పింది. మూడూ చేయిస్తే మళ్లీ లెర్నింగు (క్లచ్ పట్టే చోటుని కంప్యూటర్‌కి కొత్తగా నేర్పించడం) చేయించాలా?

గట్టురోడ్డు:
మూడూ చేయించండి, కోడులు రాసిపెట్టుకున్నాకే చెరిపించండి. వీటికి మామూలుగా క్లచ్ లెర్నింగు అక్కర్లేదు. క్లచ్ ప్లేటుగానీ యాక్చుయేటర్‌గానీ మారిస్తే మాత్రం స్కానర్‌తో తప్పనిసరి. లేకపోతే బండి కదిలేటప్పుడు కుదుపు పోదు.

ఇంకొకటి. వరద నీళ్లలోంచి వెళ్లి ఉంటే గేరుబాక్సు లెవెల్ బోల్టు విప్పి వేలు పెట్టి చూడండి. వేడిమీదున్న గేరుబాక్సు చల్లటి నీళ్లలో మునిగితే లోపలి గాలి ముడుచుకుని బ్రీదర్ (గాలి ఆడే సన్న దారి) గుండా నీటిని లాక్కుంటుంది. ఆయిల్ మజ్జిగలా తెల్లగా ఉంటే వెంటనే మార్చాలి. యాక్చుయేటర్ ట్యాంకు ఆయిల్ వేరు, అందులో గేరాయిల్‌గానీ బ్రేకాయిల్‌గానీ పోయనివ్వకండి.

పని అయ్యేలోపు వంతెన మీద ఆగిపోతే హజార్డ్ లైట్లు వేసి, తాళం తీసి రెండు నిమిషాలాగి, బ్రేకు గట్టిగా తొక్కి మళ్లీ స్టార్ట్ చేయండి. గేరులో ఇరుక్కుపోతే తాడు కట్టి లాగించకండి. ముందు చక్రాలు నేలకి తగలకుండా ఎత్తించే తీసుకెళ్లాలి.