వృద్ధుల నర్సింగ్ హోమ్‌లకు ప్రభుత్వ సొమ్ము ఇవ్వాలా?

ప్రశ్న:
చిన్న ఆసుపత్రుల గురించి కాదు, మంచం పట్టిన పెద్దవాళ్లను రాత్రింబవళ్లు చూసుకునే నర్సింగ్ హోమ్‌ల గురించి అడుగుతున్నాను. అమ్మానాన్నలను చూసుకోవడం పిల్లల బాధ్యత కదా. అందరి పన్నుల డబ్బు అక్కడ ఎందుకు పోయాలి?

ఆయాగా పనిచేసిన సభ్యురాలు:
బాధ్యత పిల్లలదేనండి, కాదనను. కానీ కదలలేని మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. లేదంటే తుంటి దగ్గర చర్మం ఎర్రబడి పుండు పడుతుంది. రాత్రి రెండింటికి తిప్పాలి, మళ్లీ నాలుగింటికి తిప్పాలి. పొద్దున్నే ఆఫీసుకెళ్లే కూతురో కోడలో ఎన్నాళ్లు చేయగలదు? చివరికి ఉద్యోగం మానేస్తుంది. ఇంటికి జీతం పోతుంది, ప్రభుత్వానికి పన్ను పోతుంది. ఇంకోపక్క, జబ్బు తగ్గినా పంపే చోటు లేక పెద్దవాళ్లు ఆసుపత్రి బెడ్ మీదే ఉండిపోతారు. ఆ ఖర్చు ఎవరిమీద పడుతుందో మీకే తెలుసు.

ప్రశ్న అడిగినవారు:
మరి ఎవరి ఖర్చుకు వాళ్లే ముందుగా దాచుకోవచ్చుగా?

మరో సభ్యుడు:
అమెరికాలో జరిగేది దాదాపు అదే. ఆసుపత్రి నుంచి వచ్చాక మెడికేర్, అంటే ముఖ్యంగా పెద్దవాళ్లకున్న ప్రభుత్వ ఆరోగ్య బీమా, నర్సింగ్ హోమ్ ఖర్చు గరిష్ఠంగా 100 రోజులకే ఇస్తుంది. తర్వాత సొంత డబ్బు. అదంతా కరిగిపోయాక మెడికెయిడ్, అంటే పేదలకున్న ప్రభుత్వ వైద్య పథకం, ఆదుకుంటుంది. అక్కడి నర్సింగ్ హోమ్‌లలో సగం మందికి పైగా ఖర్చు ఇప్పుడు మెడికెయిడ్‌దే. అంటే ప్రభుత్వ సొమ్ము ఎలాగూ పోతోంది, కాకపోతే మనిషి దాచుకున్నదంతా ఊడ్చుకుపోయాక. జర్మనీ 1995లో, జపాన్ 2000లో దీనికోసమే తప్పనిసరి బీమా తెచ్చాయి. జపాన్‌లో 40 ఏళ్ల నుంచే ప్రీమియం కడతారు. అవసరం పడినప్పుడు సేవల ఖర్చులో మామూలుగా 10 శాతం చేతినుంచి పెట్టుకుంటే చాలు. నాకు ఇదే న్యాయంగా అనిపిస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
సరే, ఇచ్చిన డబ్బు యజమాని జేబులోకి పోతే? బిల్డింగ్ తన ఇంకో కంపెనీ పేరిట పెట్టి, ఎక్కువ అద్దె రాసుకుంటే?

ఆయాగా పనిచేసిన సభ్యురాలు:
మీ భయం నిజమే. అందుకే ఎంతమందికి ఎంత స్టాఫ్ అన్న షరతు పెట్టి ఇవ్వాలి, అద్దె లెక్కలూ బయటపెట్టించాలి. ఒక చోట మధ్యాహ్నం షిఫ్టులో ఇరవై మందికి ఇద్దరమే ఉండేవాళ్లం. పక్షవాతం వచ్చిన ఒక పెద్దావిడకు ముద్ద మింగడానికే చాలాసేపు పట్టేది. తొందరపెడితే పొలమారేది. ఆమె మింగేదాకా ఆగే టైమ్ నాకు ఉండేది కాదు. సగం ప్లేటు అలాగే వెనక్కి తీసుకెళ్లేదాన్ని.