75 వేలలో గేమింగ్ పీసీ: షాపువాళ్లు రాసిచ్చిన కొటేషన్ తీసుకోవచ్చా?

ప్రశ్న:
మాది నంద్యాల. ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. వాలరెంట్, జీటీఏ 5 ఆడాలి, వీలైతే సైబర్‌పంక్ 2077 కూడా. మానిటర్ కాకుండా 75 వేల దాకా పెట్టగలను. ఇక్కడ షాపులో ‘ఐ7 గేమింగ్ పీసీ, 16 జీబీ ర్యామ్, 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు, 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (పీసీకి కరెంటు అందించే పెట్టె), ఆర్‌జీబీ (రంగుల లైట్ల) క్యాబినెట్’ అని 42 వేలకే రాసిచ్చారు. తీసేసుకోమంటారా?

జవాబు:
ఆగు తమ్ముడూ, అడ్వాన్స్ ఇవ్వకు. ఐ7 పక్కన నంబరు ఏంటి? గ్రాఫిక్స్ కార్డు మోడల్ ఏంటి? ముందు ఆ రెండూ కనుక్కో.

అడిగినవారు:
ఫోన్ చేశాను అన్నా. ప్రాసెసర్ ఐ7-4770, హెచ్81 మదర్‌బోర్డు, గ్రాఫిక్స్ కార్డు జీటీ 730 అంటున్నారు.

జవాబు:
అయితే వద్దు. 4770 అంటే 2013లో వచ్చిన ప్రాసెసర్. దాన్ని విండోస్ 11 అధికారికంగా ఒప్పుకోదు. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తోనే అయిపోయింది. ఎలాగోలా 11 ఎక్కించినా, అందులో వాలరెంట్‌కి టీపీఎమ్ 2.0 (భద్రతా చిప్), సెక్యూర్ బూట్ (పీసీ సురక్షితంగా ఆన్ అయ్యేలా చూసే సెట్టింగ్) కావాలి. ఆ పాత బోర్డుతో అక్కడే ఆగిపోతావు. ఇక జీటీ 730 వచ్చింది 2014లో. కార్డు మీద 4 జీబీ అని ఉన్నా, అంత మెమరీని వాడుకునే సత్తా ఆ చిప్‌కి లేదు. సైబర్‌పంక్ సంగతి మర్చిపోవాల్సిందే.

గేమింగ్ పీసీలో డబ్బు ముందుగా వెళ్లాల్సింది గ్రాఫిక్స్ కార్డుకి, బడ్జెట్‌లో మూడో వంతు పైగానే. 1080పీలో (ఫుల్ హెచ్‌డీ మానిటర్ మీద) ఆడతావు కాబట్టి ఆర్‌టీఎక్స్ 5060 చూడు. దొరక్కపోతే 4060. రెండూ 8 జీబీవే.

ప్రాసెసర్ రైజెన్ 5 5600 చాలు. ఆరు కోర్లు, 65 వాట్లు, బాక్సులోనే కూలర్ వస్తుంది. రైజెన్ 5 7600 కొత్తదే, ముందుముందు ప్రాసెసర్ మార్చుకోవడానికీ వీలుంటుంది. కానీ దానికి డీడీఆర్5 అనే కొత్త రకం ర్యామ్ తప్పనిసరి. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు మండిపోతున్నాయి కాబట్టి ఈ బడ్జెట్‌లో నేను 5600 వైపే. బోర్డు బీ450 వద్దు, బీ550 తీసుకో. నేను చెప్పిన కార్డులు ఎనిమిది లేన్లే (బోర్డుతో డేటా మార్చుకునే దారులు) వాడతాయి, బీ450లో అవి పాత తరం పీసీఐఈ 3.0 స్లాట్ వేగానికే పరిమితమవుతాయి. ర్యామ్ 8 జీబీవి రెండు స్టిక్కులు, డ్యుయల్ ఛానల్ కోసం (రెండూ కలిసి పనిచేస్తే వేగం పెరుగుతుంది). స్టోరేజ్‌కి 1 టీబీ ఎన్‌వీఎమ్‌ఈ ఎస్‌ఎస్‌డీ.

క్యాబినెట్‌కి ముందువైపు జాలీ ఉందా, గాలి లోపలికి వెళ్తోందా అన్నదే చూడు. నంద్యాల ఎండలకి ముందంతా గాజు మూసేసినవి పనికిరావు. లైట్లు తర్వాత సంగతి.

అడిగినవారు:
ఎస్‌ఎంపీఎస్ కూడా 450 వాట్లదే వాడొచ్చా? అది షాపులో మిగిలి ఉందట, తక్కువకే ఇస్తారట.

జవాబు:
పేరు లేని ఎస్‌ఎంపీఎస్ మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. అది పాడైతే తనతో పాటు బోర్డునీ కార్డునీ తీసుకుపోవచ్చు. పైన 450 అని స్టిక్కర్ ఉన్నా, ప్రాసెసర్, కార్డు వాడుకునే 12 వోల్టుల లైన్‌లో ఎంత ఇస్తుందో పక్కనున్న పట్టికలో చూస్తే అసలు విషయం తెలుస్తుంది. 80 ప్లస్ బ్రాంజ్ ముద్ర కరెంటు ఎంత వృథా కాకుండా వాడుతుందో చెప్తుందంతే, రక్షణకి హామీ కాదు. అందుకే కోర్సెర్ సీఎక్స్550 లాంటి పేరున్న 550 వాట్లది తీసుకో. మిగతా ఎక్కడైనా వెయ్యి తగ్గించు, ఇక్కడ తగ్గించకు.

ఇంకొకరు:
యూపీఎస్ గురించి ఒక మాట. ఇళ్లల్లో వాడే 600 వీఏ (యూపీఎస్ సామర్థ్యానికి రాసే కొలత) యూపీఎస్‌లు చాలావరకు 360 వాట్లే ఇస్తాయి. గేమ్ నడుస్తున్నప్పుడు ఈ పీసీ, మానిటర్ కలిపి 300 దగ్గరికి వెళ్లొచ్చు. 1000 వీఏ అయితే టెన్షన్ ఉండదు.

అడిగినవారు:
అందరికీ థాంక్స్. సెలవుల్లో హైదరాబాద్ వెళ్తున్నాను, అక్కడే కొనేదా?

జవాబు:
సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో (చెనాయ్ ట్రేడ్ సెంటర్) నాలుగైదు షాపులు తిరుగు. ఆన్‌లైన్ ధర ఫోన్‌లో పెట్టుకుని బేరం చేయి. ప్రతి పార్టుకీ సీరియల్ నంబరుతో జీఎస్టీ బిల్లు తీసుకో, వారంటీకి అదే ఆధారం. బిగించాక బయోస్‌లో (విండోస్ కంటే ముందు తెరిచే బోర్డు సెట్టింగుల్లో) ఎక్స్‌ఎంపీ అనే ర్యామ్ సెట్టింగ్ ఆన్ చేయడం మర్చిపోకు, లేకపోతే ర్యామ్ తక్కువ వేగంతోనే నడుస్తుంది. హెచ్‌డీఎంఐ కేబుల్ గ్రాఫిక్స్ కార్డుకే పెట్టు. 5600లో సొంత గ్రాఫిక్స్ లేదు, బోర్డుకి పెడితే స్క్రీన్ మీద ఏమీ రాదు.