గిత్తల ట్రైలర్ లాగడానికి లగ్జరీ ఎస్‌యూవీ: కొత్తదా, సెకండ్ హ్యాండా?

ప్రశ్న (గుంటూరు దగ్గర పల్లె)

అందరికీ నమస్కారమండి. ఆరు పళ్ల (పోటీల్లో వయసు విభాగం) గిత్తల జత ఒకటి మేపుతున్నాం. సంక్రాంతి నుంచి వేసవి తిరునాళ్ల దాకా బండలాగుడు పోటీలకు, పశు ప్రదర్శనలకు తిప్పాలి. ఇప్పటిదాకా లారీ మాట్లాడుకుంటున్నాం. సీజన్లో లారీ దొరకదు. దొరికినా డ్రైవరు కొట్టే బ్రేకులకి గిత్తలు మోకాళ్ల మీద పడుతున్నాయి. ట్రైలర్ ఒకటి చేయించి మన బండితోనే లాగుదామని ఆలోచన. ఇంట్లోకి ఎలాగూ పెద్ద బండి కొనాలి. మూడు చూశాం: కొత్త బీఎండబ్ల్యూ ఎక్స్5 డీజిల్, 2018 ఆడి క్యూ7 డీజిల్ సెకండ్ హ్యాండ్, కొత్త ఫార్చ్యూనర్ ఆటోమేటిక్. ఫార్చ్యూనర్ లగ్జరీ కాదని మా బావమరిది ఒకటే గొడవ. ఏది తీసుకోమంటారు?

జవాబు (విజయవాడ, పటమట)

బండి సంగతి తర్వాత, ముందు బరువు తేల్చుకోండి. ఎదిగిన ఒంగోలు గిత్త అయిదొందల కిలోల పైమాటే. పోటీకి మేపిన జత 1,100 నుంచి 1,200 దాకా ఉంటుందనుకోండి. రెండు ఇరుసులు, ర్యాంపు, పైకప్పు ఉన్న గట్టి ట్రైలర్ 800, 900 కిలోలకు తగ్గదు. మేత, నీళ్ల డ్రమ్ము, కాడి, తాళ్లు కలిపితే మొత్తం 2,200 దగ్గర తేలుతుంది. కనీసం 2,500 లాగే సత్తా ఉన్న బండి కావాలి. సరిగ్గా సరిపోయేది తీసుకుంటే మే నెల ఎండలో ఏసీ వేసుకుని లాగినప్పుడు ఇంజినూ గేర్‌బాక్సూ రెండూ ఉడుకుతాయి.

ఆడి క్యూ7కి ఐరోపాలో 3,500 కిలోల దాకా లాగొచ్చని కంపెనీ రాస్తుంది. 2.8 డీజిల్ ఫార్చ్యూనర్ ఆటోమేటిక్‌కి ఆస్ట్రేలియాలో 3,100. ఈ అంకెలు చూసి మురిసిపోవద్దు. అవన్నీ బ్రేకులున్న ట్రైలర్‌కి, అక్కడ అమ్మే బండికి చెప్పినవి. ట్రైలర్‌కి బ్రేకు లేకపోతే అక్కడే ఆ పరిమితి 750 కిలోలకు పడిపోతుంది. మన దేశంలో అమ్మిన బండి మాన్యువల్‌లో ట్రైలర్ గురించి ఏం రాశారో షోరూమ్‌లో అడిగి, ఆ పేజీ చూపించమనండి. ‘ఏం ఫర్లేదు సార్, లాగేస్తుంది’ అనే సేల్స్ కుర్రాడి మాటకి వారంటీ క్లెయిమ్ రోజున విలువ ఉండదు.

ఇంకో లెక్క చాలామంది వేయరు. ట్రైలర్ బరువులో అయిదు నుంచి ఏడు శాతం దాకా హిచ్ బాల్ (బండి వెనక ట్రైలర్ తగిలించే గుండు) మీద పడాలి. మీ లెక్కకి అది 110 నుంచి 150 కిలోలు. అదంతా బండి వెనక ఇరుసు మోసేదే. దానికి తోడు మూడో వరుసలో పిల్లలు, డిక్కీలో సామాను అంటే కుదరదు. కొలవడం తేలికే. మిర్చి యార్డు చుట్టుపక్కల వేబ్రిడ్జిలకి కొదవ లేదు. గిత్తల్ని ఎక్కించి, బండి నుంచి విడదీసి ట్రైలర్ మొత్తాన్ని ఒకసారి తూయండి. మళ్లీ తగిలించి, ట్రైలర్ చక్రాలు మాత్రమే కాటా మీద ఉండేలా ఇంకోసారి తూయండి. తేడా ఎంతో అదే బాల్ మీద బరువు.

జవాబు (ఆటోనగర్ మెకానిక్)

సార్, నేను జర్మన్ బండ్లే చూస్తాను. సెకండ్ హ్యాండ్ క్యూ7 చెడ్డ బండి కాదు, 3.0 లీటర్ల డీజిల్ ఇంజిన్‌కి 600 ఎన్‌ఎం టార్క్ (లాగే బలం) ఉంది. మీరు ఒక్కటి గుర్తుపెట్టుకోండి. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 పొగ నిబంధనలు వచ్చాక క్యూ7 డీజిల్ మన దేశంలో ఆగిపోయింది. 2022లో మళ్లీ వచ్చింది పెట్రోలే. కాబట్టి డీజిల్ క్యూ7 అంటే ఎంత కొత్తదైనా పాత బండే.

చూడటానికి వెళ్లేటప్పుడు ముందురోజు సాయంత్రమే చెప్పి, బండిని రాత్రంతా కదపకుండా ఉంచమనండి. పొద్దున్నే ఇంజిన్ స్టార్ట్ చేయకముందు నాలుగు చక్రాలకీ, పైన బాడీ అంచుకీ మధ్య గ్యాప్ టేపుతో కొలవండి. ఎయిర్ సస్పెన్షన్‌లో (స్ప్రింగుల బదులు గాలి సంచులు) ఎక్కడైనా లీకుంటే ఆ మూల కిందికి కూర్చుంటుంది. స్టార్ట్ చేస్తే రెండు నిమిషాల్లో లేచిపోతుంది, మీకేమీ కనపడదు. అందుకే అమ్మేవాళ్లు మీరు వచ్చేసరికి బండి ఆన్‌లో పెట్టి ఉంచుతారు. లీకును వదిలేస్తే గాలి కొట్టే కంప్రెసర్ ఆగకుండా తిరిగి అదీ పోతుంది. లోడ్ లాగే బండికి ఇది చిన్న విషయం కాదు.

రెండోది గేర్‌బాక్స్ ఆయిల్. ‘లైఫ్‌టైమ్ ఆయిల్, మార్చక్కర్లేదు’ అంటారు. ఆ ఎనిమిది గేర్ల బాక్సు తయారుచేసే జెడ్‌ఎఫ్ కంపెనీయే 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది. మార్చినట్టు బిల్లు ఉందా అని అడగండి. లేకపోతే ఆ ఖర్చు ధరలో తగ్గించుకుని, ట్రైలర్ తగిలించకముందే మార్పించండి. ఫిల్టరు కూడా కలిపి మార్చాలి.

హిచ్ మాత్రం బయట వెల్డింగ్ చేయించొద్దు సార్. మా ఆటోనగర్లోనే చేస్తారు, నేనే వద్దంటున్నాను. క్యూ7కి ట్రాక్టర్‌లాగా కింద విడి ఛాసిస్ ఉండదు. బోల్టులతో బిగించే కంపెనీ బీమ్ వేరే ఉంటుంది. వైరింగ్ మాడ్యూల్ పెట్టి కోడింగ్ చేస్తేనే వెనక ట్రైలర్ ఉందని బండికి తెలుస్తుంది, ఊగితే దానంతటదే చక్రాలకి బ్రేకు వేసి అదుపు చేస్తుంది. ఆ కోడింగ్ లేకపోతే మీరు కోటి పెట్టి కొన్న టెక్నాలజీ నిద్రపోతున్నట్టే.

ప్రశ్న అడిగినవారు

థాంక్స్ అన్నా. ఆ క్యూ7 విజయవాడదే. అజిత్‌సింగ్ నగర్ వాళ్లది అంటున్నారు. ధర బాగా తక్కువ చెప్పారు.

జవాబు (విజయవాడ, పటమట)

అక్కడే ఆగండి! 2024 సెప్టెంబరు మొదటి వారంలో బుడమేరు వాగు పొంగినప్పుడు సింగ్‌నగర్ ఎన్ని రోజులు నీళ్లలో ఉందో మనకందరికీ తెలుసు. అమ్మేవాళ్లు మంచివాళ్లే కావచ్చు, బండి మాత్రం మునిగిందో లేదో తేల్చుకోవాలి. ఇన్సూరెన్స్ క్లెయిమ్ చరిత్ర అడగండి. ఆ సెప్టెంబరు, అక్టోబరుల్లో సర్వీస్ సెంటర్‌లో ఏం చేశారో జాబ్‌కార్డు చూడండి.

జవాబు (ఆటోనగర్ మెకానిక్)

సీట్ బెల్టు మొత్తం చివరిదాకా లాగండి సార్. లోపల చుట్టుకున్న భాగం మీద బురద చార కనిపిస్తే ఇంకేం చూడక్కర్లేదు. సీట్లు ఉతుకుతారు, కార్పెట్ మారుస్తారు, బెల్టు రీలు జోలికి ఎవరూ పోరు. సీటు కింద పట్టాల బోల్టులకి తుప్పు, స్పేర్ టైరు గుంటలో మెత్తటి ఒండ్రు కూడా చూడండి. మునిగిన బండి ఏడాది బాగానే నడుస్తుంది. తర్వాత కనెక్టర్లలో పచ్చగా చిలుము పట్టి రోజుకో లైటు వెలుగుతుంది.

జవాబు (పల్నాడు నుంచి, జతల యజమాని)

బండి గురించి అందరూ చెప్పారు, గిత్తల గురించి నేను చెబుతా. ప్రాణమున్న లోడు కదులుతుంది. ఒక గిత్త వెనక్కి జరిగినా, పక్కకి ఒరిగినా బాల్ మీద బరువు మారిపోతుంది. వెనక బరువు ఎక్కువై ముందు తేలికయిందంటే హైవే మీద ట్రైలర్ తోక ఊపడం మొదలుపెడుతుంది. అప్పుడు కంగారుపడి బ్రేకు తొక్కితే ఇంకా ఊగుతుంది. యాక్సిలరేటర్ వదిలేసి, స్టీరింగ్ తిన్నగా పట్టుకుని వేగం దానంతటదే తగ్గనివ్వాలి.

పశువుల్ని తరలించే వాహనాలకి 2016 జనవరి నుంచి రూలుంది. ఆవులు, గేదెల జాతికి ఒక్కోదానికి 2 చదరపు మీటర్ల విడి గది, మధ్యలో శాశ్వత పార్టిషన్ ఉండాలి. ఆ రూలు గిత్తల మంచికే. మధ్యలో అడ్డం ఉంటే ఒకదాని బరువు ఇంకోదాని మీద పడదు. కింద రబ్బరు మ్యాటు, దాని మీద వరిగడ్డి వేయండి. వట్టి చెకర్డ్ ప్లేటు (గళ్ల ఇనుప రేకు) మీద గిట్టలు జారతాయి.

ట్రైలర్‌కి ఓవర్‌రన్ బ్రేకు పెట్టించండి. ముందు బండి ఆగితే ట్రైలర్ ముందుకు తోసుకొస్తుంది కదా, ఆ తోపుతోనే దాని బ్రేకు పడుతుంది. మోకాళ్ల మీద పడటం తగ్గాలంటే మీకు కావాల్సింది ఇదే, ఎక్స్5 కాదు.

జవాబు (తెనాలి)

ఏడాదికి పది పోటీలకి వెళ్లేవాళ్లు కోటి రూపాయల బండి కొంటారా బాబాయ్? ఒక మంచి డ్రైవరుని మాట్లాడుకుని, పార్టిషన్ వేయించిన చిన్న డీసీఎం (మినీ లారీ) కొనుక్కుంటే పోతుంది. గిత్తలకి ఆడి లోగో కనపడదు.

జవాబు (విజయవాడ, పటమట)

తెనాలి ఆయన మాటలో నిజం ఉంది. ఇంట్లోకి ఎలాగూ పెద్ద బండి కావాలన్నారు కాబట్టే మనం ఇంత మాట్లాడుతున్నాం.

నా లెక్క ఇది. మూడింటిలో మీ పనికి కొత్త ఫార్చ్యూనర్‌దే మొదటి స్థానం. విడి ఛాసిస్, ఆటోమేటిక్‌లో 500 ఎన్‌ఎం టార్క్, చిన్న ఊళ్లో కూడా దొరికే సర్వీసు. పోటీ పొద్దున ఆరింటికి ఉంటే, రాత్రి బండి డ్యాష్‌బోర్డులో ఎర్ర లైటు వెలగకపోవడమే అసలు లగ్జరీ అని మీ బావమరిదికి చెప్పండి. ఎక్స్5 మీద అంత డబ్బు పెట్టి, పేడ వాసనతో తిప్పి, అయిదేళ్లకి సగం ధరకి అమ్మడం నాకైతే మనసొప్పదు.

సెకండ్ హ్యాండే కావాలంటే ఎనిమిదేళ్ల క్యూ7 వద్దు. కంపెనీ సర్వీస్ రికార్డు ఉండి, పొడిగించిన వారంటీ ఇంకా మిగిలి ఉన్న మూడు నాలుగేళ్ల బీఎస్6 డీజిల్ చూడండి. బేరంలో ఇది వాడండి: 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద ఎస్‌యూవీలకి జీఎస్టీ 40 శాతం. అంతకుముందు సెస్సుతో కలిపి 50 దాకా ఉండేది. కొత్త బండి ధర తగ్గింది కాబట్టి పాతదాని ధరా తగ్గాలి. చాలామంది ఇంకా పాత ఇన్‌వాయిస్ చూపించి బేరమాడుతున్నారు.

ఢిల్లీ నుంచి వచ్చే చవక బండ్ల జోలికి పోవద్దు. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ బండ్ల మీద వచ్చిన ఆంక్షల భయంతో ఇటు తోలేస్తారు. అక్కడి ఆర్‌టీఓ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తెచ్చుకుని, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టి, నంబరు మార్చుకునేసరికి ఆ చవక ఆవిరైపోతుంది.

కాగితాల విషయం ఒక్కటి. చట్టం లెక్కలో ట్రైలర్ విడి వాహనం. దానికీ రిజిస్ట్రేషన్ కావాలి, లాగే బండి నంబరు కూడా ట్రైలర్ మీద కనపడాలి. కాబట్టి ఆర్డరిచ్చే ముందే తయారీదారుకి ఆమోదం ఉందో లేదో ఆర్‌టీఓ ఆఫీసులో కనుక్కోండి. ప్రైవేటు కారు పాలసీ సరుకు రవాణాకి వర్తించదు. గిత్తల్ని లాగుతామని ఇన్సూరెన్స్ కంపెనీకి రాసిచ్చి, ట్రైలర్‌కి విడిగా ఎండార్స్‌మెంట్ (పాలసీకి జోడించే రాత) తీసుకోండి. ఫోన్లో ‘అయిపోతుంది సార్’ అంటే ఒప్పుకోవద్దు, మెయిల్ రావాలి.

ప్రశ్న అడిగినవారు

సింగ్‌నగర్ బండి వద్దని చెప్పేశాం. ట్రైలర్ డ్రాయింగ్ ముందు వేయించి, బరువు తేలాక ఫార్చ్యూనర్‌కే వెళ్తాం. బావమరిది మాట్లాడటం లేదు, చూద్దాం. ఒక్క డౌటు: ట్రైలర్‌కి పాత టైర్లు వేయొచ్చా? మా దగ్గర మంచివి నాలుగున్నాయి.

జవాబు (ఆటోనగర్ మెకానిక్)

టైరు మీద గుండీలు (ట్రెడ్) ఎంత మిగిలాయని కాదు సార్, టైరు పక్కన అచ్చు వేసిన నాలుగంకెలు చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం. ఆరేళ్లు దాటితే వేయొద్దు. ట్రైలర్ ఎక్కువ రోజులు ఎండలో నిలబడే ఉంటుంది, పక్కగోడలు పగుళ్లిస్తాయి. లోడ్ ఇండెక్స్ (టైరు మోయగల బరువు చెప్పే కోడు) కూడా ఒక్కో టైరుకి 700 కిలోలకి తగ్గకుండా చూసుకోండి.