ఇథైల్ బ్రోమైడ్ రియాక్షన్ సగంలో ఆగిపోతోంది, ఎందుకు?

ఎమ్మెస్సీ రెండో ఏడు:
నమస్తే. ప్రాజెక్టులో పారాసెటమాల్‌కి ఇథైల్ గుంపు తగిలించి ఫినాసిటిన్ (పాతకాలపు నొప్పి మందు) చేస్తున్నాను. పారాసెటమాల్ 15.1 గ్రాములు, పొటాషియం కార్బొనేట్ 2 ఈక్వివలెంట్లు (పారాసెటమాల్ మోల్స్‌కి రెట్టింపు), ద్రావణిగా డీఎమ్ఎఫ్, ఇథైల్ బ్రోమైడ్ 9 మి.లీ. ఆయిల్ బాత్ 65 డిగ్రీలు. రెండు గంటల దాకా టీఎల్సీలో (రియాక్షన్ ఎంతవరకు వచ్చిందో మచ్చలుగా చూపే ప్లేటు పరీక్ష) కొత్త స్పాట్ బాగా పెరిగింది, తర్వాత కదలిక లేదు. ఎనిమిది గంటలైనా పారాసెటమాల్ అలాగే ఉంది. జనవరిలో సీనియర్ అక్క ఇలాగే చేస్తే పూర్తయిందట. బాటిల్ పాడైందా? వచ్చే వారమే రివ్యూ, టెన్షన్‌గా ఉంది.

కాలేజీ లెక్చరర్:
కార్బొనేట్ తడిగా ఉందేమో. ఓవెన్‌లో ఆరబెట్టి, మెత్తగా నూరి వేయండి.

పాత ల్యాబ్ మనిషి:
అదీ చేయండి, కానీ ముందు కండెన్సర్‌లోకి (ఆవిరిని చల్లబరచి తిరిగి ఫ్లాస్క్‌లోకి దించే గొట్టం) వెళ్లే నీళ్లు చేత్తో ముట్టుకుని చూడండి. ఇథైల్ బ్రోమైడ్ 38.4 డిగ్రీలకే మరుగుతుంది. జీడిమెట్లలో పనిచేసేటప్పుడు మే నెలలో నాకూ ఇదే జరిగింది. థర్మామీటర్ పెడితే డాబా మీది ట్యాంకు నీళ్లు 41! చల్లబరచాల్సిన కండెన్సరే బ్రోమైడ్ ఆవిరిని బయటకు సాగనంపుతోంది. 65 దగ్గర డీఎమ్ఎఫ్ ఎలాగూ మరగదు కాబట్టి పైన చుక్క కూడా కనబడదు, అనుమానమే రాదు.

బకెట్‌లో ఐసు వేసి, ఎయిర్ కూలర్ పంపుతో ఆ నీళ్లు తిప్పండి. బాత్ 35కి దించి రాత్రంతా కలవనివ్వండి. పొటాషియం అయోడైడ్ 1.7 గ్రాములు వేయండి. అది కొంత ఇథైల్ అయోడైడ్‌ను అక్కడికక్కడే తయారు చేస్తుంది. అయోడైడ్ తేలిగ్గా విడిపోతుంది, పైగా దాని మరుగు 72. బ్రోమైడ్‌ను ఫ్రిజ్‌లోంచి తీసి చల్లగా ఉండగానే 13.1 గ్రాములు తూచండి. ఎండలో మి.లీ. లెక్క నమ్మలేం. బాటిల్లో ద్రవానికి రంగు లేకపోతే దాన్ని అనుమానించక్కర్లేదు.

లెక్చరర్:
నిజమే, నాకు తట్టలేదు. పోయిన ఆవిరి మీరు పీల్చి ఉంటారు, అదే నా భయం. డీఎన్ఏకి కూడా ఇథైల్ తగిలించే రకం అది. ఫ్యూమ్ హుడ్‌లోనే (ఆవిర్లను బయటకు లాగేసే అర) చేయండి. చివర్లో అమ్మోనియా ద్రావణం వేసి మిగిలింది చంపేశాకే బయటకు తీయండి.

ఎమ్మెస్సీ రెండో ఏడు:
మా ట్యాంకు నీళ్లు 40 సర్! ఐసు నీళ్లు తిప్పి, హుడ్‌లోనే రాత్రంతా ఉంచాను. పొద్దున టీఎల్సీలో పారాసెటమాల్ లేదు. కాకపోతే పంపు హాస్టల్ కూలర్‌ది, రూమ్మేట్ రెండు రోజులుగా మాట్లాడట్లేదు.