బెలుం గుహలు, గండికోట లోయ: పెద్దవాళ్లతో రెండు రోజుల్లో కుదురుతుందా?

బాటసారి:
డిసెంబర్‌లో హైదరాబాద్ నుంచి కారులో వెళ్దామనుకుంటున్నాం. అమ్మ, నాన్న, ఎనిమిదేళ్ల బాబు వస్తున్నారు. అమ్మకు మోకాళ్ల నొప్పులు. రెండింటిలో ముందు ఏది చూడాలి? బెలుంలో ఊపిరాడదంటారు, నిజమేనా? గండికోట అంచు దాకా అమ్మ నడవగలదా?

నాపరాయి:
ముందు బెలుమే. గుహలు సాయంత్రం ఐదింటికల్లా మూసేస్తారు. లోయ అందమేమో పొద్దు వాలాకా, మళ్లీ తెల్లవారాకా. ఆ ఏటవాలు ఎండకే రాయి ఎర్రగా మెరుస్తుంది, మిట్టమధ్యాహ్నం చూస్తే వెలవెలబోతుంది. పొద్దున ఐదింటికి బయల్దేరి కర్నూలు మీదుగా వస్తే పదకొండు, పదకొండున్నరకి బెలుం చేరతారు. రెండున్నరకల్లా అక్కణ్ణుంచి కదలండి. జమ్మలమడుగు మీదుగా గండికోట సుమారు 60 కి.మీ. డిసెంబర్‌లో ఐదుముప్పావుకే పొద్దు గూకుతుంది. రాత్రి గండికోటలోనే ఉండాలి, పర్యాటక శాఖ హరిత హోటల్ ఉంది. గదులు ముందే తీసుకోండి.

గుహలదారి:
ఊపిరాడదనే మాటకు కారణం ఉంది. బెలుం కొండలో కాదు, చదును నేల కింద సున్నపురాతిలో ఉంది. నేల కింది నీళ్లు రాతి పగుళ్ల వెంట సున్నాన్ని కరిగిస్తూ పోయి దారులు చేశాయి. పైకి తెరుచుకున్న నోళ్లు తక్కువ కాబట్టి గాలి కదలదు, తేమ ఎక్కువ, చెమట ఆరదు. గాలి పంపే గొట్టాలు పెట్టినా ఇరుకు దారుల్లో ఉక్కపోత తప్పదు. ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా దిగొద్దు.

మొత్తం పొడవు 3,229 మీటర్లు, అందులో చూడనిచ్చేది సుమారు ఒకటిన్నర కి.మీ. మనిషికి అర లీటరు నీళ్లు, నూలు బట్టలు, పట్టున్న బూట్లు చాలు. వీపుకి పెద్ద సంచి వద్దు, వంగాల్సిన చోట పైరాయికి కొట్టుకుంటుంది. కారు ఏసీ దిగేముందు పది నిమిషాలు ఆపండి, లేకపోతే లోపలికెళ్లగానే కెమెరా అద్దం మసకేస్తుంది. వేలాడే రాళ్లను బాబు ముట్టుకోకుండా చూడండి. చేతి జిడ్డు అంటిన చోట సున్నం పేరుకోదు, ఆ రాయి పెరగడం ఆగిపోతుంది.

నాపరాయి:
గండికోటలో రాయి వేరు, క్వార్ట్‌జైట్, అంటే ఇసుకరాయి మారి బాగా గట్టిపడిన రాయి. పొరలుగా ఏర్పడి, అడ్డంగా నిలువుగా పగిలి ఉంటుంది. పెన్న కోసుకుపోయినకొద్దీ పక్క గోడలు దిమ్మలు దిమ్మలుగా ఊడిపడ్డాయి, అందుకే అంచులు అంత నిటారు. అసలు ప్రమాదమూ అదే: అంచున గట్టిగా కనిపించే బండ కింద ఆధారం లేకపోవచ్చు. కంచె లేని చోటే ఎక్కువ. అంచుకు మూడు మీటర్లు ఇవతలే కూర్చోండి, చీకటి పడకముందే వెనక్కి రండి, బాబు చెయ్యి వదలొద్దు.

కోట లోపల మసీదు, ధాన్యాగారం దాకా అమ్మగారు మెల్లగా నడవొచ్చు. లోయ దగ్గర చివరి భాగం మాత్రం బండల మీద ఎక్కి దిగాలి. మోకాళ్లకు అది కష్టం. చేతికర్ర ఇచ్చి, ఒకరు తోడుండి, మొదటి చదును బండ దగ్గరే ఆపేయండి. అక్కడికీ నొప్పిగా ఉంటే మాధవరాయ గుడి చూపించండి, ఆ గోపురం తీరిగ్గా చూడాల్సిందే.

బాటసారి:
చాలా ఉపయోగం, ధన్యవాదాలు. గుహలో అమ్మ ఎక్కడి దాకా రావచ్చు?

గుహలదారి:
దిగేటప్పుడు మెట్లున్నాయి, ఎక్కేటప్పుడూ అవే. మొదటి విశాలమైన గదులు చూసి వెనక్కి తిప్పండి. పాతాళగంగ వైపు వద్దు, అది గుహలో అన్నిటికన్నా లోతైన చోటు, దారి ఇరుకు. మీ నాన్నగారు అమ్మతో పైకి వచ్చేస్తే, బాబును తీసుకుని మీరు పాతాళగంగ చూసి రావచ్చు.